లివరు తగ్గింది ఎవరి వేళ్ళతో?

మన కంటికి కనిపించని లోపలి అవయవాలను సైతం తన చేతులతో రూపించిన దేవునికి స్తోత్రం. ఏ ఎముక కింద ఏది ఎంత ఉండాలో కొలిచి పెట్టినవాడు ఆయన. తర్వాత దాన్ని మళ్ళీ కొలవబోయిన మనుషుల సంగతి నేను చెబుతాను.

ఆ రోజుల్లో మా బరంపురంలో కడుపులోకి తొంగిచూసే యంత్రాలు లేవు. లివరు వాచిందంటే డాక్టరు కుడి డొక్కలో చెయ్యి ఆనించి, పక్కటెముక దిగువకు ఎన్ని వేళ్ళు దిగిందో చెప్పేవారు. నేను వెనక నిలబడి రిజిస్టరులో రాసేదాన్ని. అప్పుడే నర్సు చదువు ముగించి, గంజి పెట్టిన టోపీతో, సంఘంలో నా అంత పరిశుద్ధురాలు లేదనుకుంటూ తిరిగే వయసు. మా వార్డులో ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. మందుకు ముందు ఎన్ని వేళ్ళు, నెల తర్వాత ఎన్ని వేళ్ళు, తగ్గితే మందు పనిచేసినట్టు. (ఇంత తేలిక లెక్కలో తప్పెక్కడ దూరుతుందని మీరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను.) ఆర్యపల్లి నుంచి వచ్చిన ఒక మత్స్యకారుడికి మొదట కొలిచింది చిన్న డాక్టరు. ఆయన వేళ్ళు చూసి వార్డంతా ములక్కాడ డాక్టరు అనేది. "నాలుగు" అన్నాడు, ఆ తర్వాత తన పెళ్ళికని ఖల్లికోట వెళ్ళిపోయాడు. నెల తర్వాత కొలిచింది పెద్ద డాక్టరు. ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ చక్కెరకేళి అరటిపండంత. "మూడు!" అని కేకేసి, "మందు గెలిచింది. కంపెనీకి రిపోర్టు పంపాలి. రేపు ఇతన్ని ఇంటికి పంపెయ్యండి, పడవెక్కొచ్చు" అని వెళ్ళిపోయారు.

ఆ మనిషి మంచం మీద లేచి కూర్చోవడానికే ఆయాసపడుతున్నాడు. అతని భార్య నా చెయ్యి పట్టుకుంది. "సిస్టరమ్మా, తగ్గిపోనాదంటన్నారు. మరి మొలతాడు కిందటి నెల వదులుగుండీది, ఇప్పుడు కోసుకుపోతందేటి? ఈ రూపాన సముద్రంలోకెల్తే మడిసి తిరిగొత్తాడా?"

"రిజిస్టరులో ఉంది అక్కా. నాలుగుండేది మూడయింది" అన్నాను గొప్పగా.

"ఎవులి ఏలుతోటి?" అంది. "మా ఇంట నేనూ మా అత్తా వల అల్లుతాం. ఆవిడ ఏలు లావు, నాది సన్నం. ఎవులేలు ఆలు పెడితే వలకన్ను ఒక్కలాగుంటాదా? అందుకే ఎదురుబద్ద ఒకటి పెట్టుకుని దాని మీదే కడతాం. సేపలకున్న నాయం మడిసికి నేదేటమ్మా?"

నా ఒళ్ళు మండింది. మొదట ఆమె మీద (చదువుకున్నదాన్ని కదా!), తర్వాత పెద్ద డాక్టరు మీద, ఆపైన నా మీద. దొంగ కొలతలు దేవుడికి అసహ్యమని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పుతూ, నెలంతా వాటినే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ సాయంత్రం స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు అడిగితే లేచి, "పెద్ద డాక్టరుగారి వేళ్ళు సన్నబడాలని ప్రార్థించండి" అన్నాను. పాస్టరమ్మగారు కళ్ళు తెరిచి, "ఏటే పిల్లా, ఆయనకేటి జబ్బు?" అన్నారు. "జబ్బు ఆయనకి కాదండీ, ఆయన లెక్కకి." "అయితే దేవుడి దగ్గర సణుగుడెందుకు? ఎల్లి ఆయనకే సెప్పు" అని ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

మర్నాడు పొద్దున్న చిన్న డాక్టరు పెళ్ళి పసుపు పోని వేళ్ళతో పనిలోకి వచ్చాడు. పెద్దాయన డిశ్చార్జి కాగితం మీద కలం పెట్టారు. "సంతకం పెట్టకండి సార్" అన్నాను. "కొణొ హెలా? ఏమైంది నీకు?" అని ఒడియా కలిపి ఉరిమారు. రిజిస్టరు చివరి పేజీ తెరిచి, "మీ చెయ్యి ఇక్కడ పెట్టండి" అన్నాను. ఎంత కోపంగా అన్నానో గాని, పెట్టేశారు! పెన్సిలుతో చుట్టూ గీశాను. ఆ గీతల మీద చిన్న డాక్టరు చెయ్యి పెట్టించాను. ఆయన నాలుగు వేళ్ళూ పెద్దాయన మూడు వేళ్ళలో ఇమిడిపోయాయి. పక్క మంచం మీది పాత్రపూర్ రైతు, "మరి నా లివరు ఎవులి ఏలుతోటి తగ్గిందండీ?" అన్నాడు. వార్డంతా గొల్లుమంది.

"నీకు డాక్టరీ ఎవరు నేర్పారు?" అన్నారు పెద్దాయన, ముఖం కందగడ్డలా చేసుకుని.

"వల అల్లే ఆవిడ సార్."

పెద్దాయన టేపు తెప్పించి మళ్ళీ కొలిచి, డిశ్చార్జి కాగితం చింపేసి, కొత్త మందు ఆపించి పాత వైద్యమే మళ్ళీ మొదలుపెట్టారు. నన్ను మాత్రం అదే పూట, ఉతికిన దుప్పట్లు మడతపెట్టే గదికి తోలేశారు. రెండు నెలలయ్యాక ఆ మత్స్యకారుడు తన కాళ్ళతో నడిచి ఆ గది గుమ్మం దాకా వచ్చాడు. భార్య నా గడ్డం పట్టుకుని, "ఎల్తన్నాం తల్లీ. నీ కోపం తగ్గించుకోకు, పెళ్ళయినాక కూడా" అంది.

తగ్గింది. ఎప్పుడో, ఎవరికోసమో చెప్పలేను. ఆ రిజిస్టరు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది గాని, అది పాత కోపం. కొత్తది పుట్టడం లేదు. మొన్న మందుల కొట్టులో నా కళ్ళ ముందే ఒక ముసలాయనకు అబద్ధం చెప్పి మందులంటగడుతుంటే, మోకాళ్ళ నొప్పులు చూసుకుంటూ ఊరుకున్నాను. టోపీ జారిపోతున్నా డాక్టరు చేతి చుట్టూ గీత గీసిన ఆ పెంకిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. చదువుతున్నవారు ఒక్క క్షణం నాతో తల వంచండి: ప్రభువా, ఆ పిల్ల కోపంలో పిసరంత ఈ ముసలిదానికి అప్పుగానైనా ఇప్పించు. ఆమేన్.