ధాన్యంలో నడిపించిన ఆయమ్మ

మా ఆయమ్మ పోయింది. మొన్న మధ్యాహ్నం ఆమె తమ్ముడు, రామతీర్థానికి అవతలున్న వాళ్ల ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఆ మాట చెప్పాడు. చుట్టపుచూపుగా వెళ్లిన మనిషికి జ్వరం తగిలి, తిరగబెట్టి, ప్రాణమే తీసుకుపోయిందట. నాకంటే ఎంతో చిన్నది. వరస తప్పి పోయినందుకు ఆమె మీద నాకింకా కోపంగానే ఉంది.

నేను బడిపంతులమ్మగా పనిచేసి, వెనకాముందూ ఎవరూ లేక, విజయనగరం పొలిమేరలోని ఈ వృద్ధుల శరణాలయంలో చేరినదాన్ని. ఆయమ్మ ఇక్కడ మా అందరి ఆలనాపాలనా చూసేది. నిరుడు నూతి దగ్గర పాచి మీద జారి పడ్డాను. ఎముక విరగలేదనీ, నొప్పి తగ్గాక నడవమనీ డాక్టరు గారు చెప్పారు. నొప్పి తగ్గింది గానీ భయం తగ్గలేదు. మంచం దిగనని మొండికేశాను.

కార్యదర్శి గారు మంచివారే. "లేవలేనివాళ్లను చూసుకోవడానికి మనకు మనుషులు లేరమ్మా. ఇలాగే ఉంటే మీవాళ్లకు కబురు చెయ్యాలి" అన్నారు. నాకు నావాళ్లంటూ ఉంటే కదా! ఆ రాత్రి గోడవైపు తిరిగి ఏడ్చాను.

నాలాగే నడక మానుకుంటున్నవాళ్లు ఇంకొందరు ఉండేవారు. ఆయమ్మ మొదట అందరిచేతా తులసికోట చుట్టూ ప్రదక్షిణాలు చేయించబోయింది. జన్మంతా మడిచెక్కల్లో గడిపిన తాతలు ఒప్పుకోలేదు. "పనీపాటూ లేకండా తిరగడానికి మాకేటి పిచ్చా?" అని అరుగెక్కి చుట్ట ముట్టించారు.

బియ్యం దొరకని రోజులవి. దాతలు ధాన్యమే పంపేవారు. దాన్ని ఉడకబెట్టి, పెరటి గచ్చు మీద ఎండబోసి, పాదాలతో చాళ్లు తీస్తూ తిరగెయ్యాలి. ఆ పని ఆయమ్మే చేసేది. ఒకరోజు మాత్రం ధాన్యం పరిచేసి, తమలపాకులు ముందేసుకుని నీడలో తీరిగ్గా కూర్చుంది. ఎండ ముదిరింది. అరుగు మీద పెద్దతాత ఉండబట్టలేకపోయాడు.

"ఓలమ్మీ, ఏటలా కూసున్నావు? అడుగుది పచ్చిగుండిపోతాది!"

"నాకు కాళ్లు పీకుతన్నాయి తాతా. నువ్వే ఓపాలి సూడు."

తిట్టుకుంటూనే తాత కర్ర పట్టుకుని దిగాడు. ఆయన వెనక మరొకరు. వాళ్లు పట్టుకోవడానికి గచ్చుకు రెండువైపులా వెదురు దడి అప్పటికే కట్టి ఉంది. అది బట్టలారేసుకోవడానికని మేమంతా అనుకున్నాం!

నేను కిటికీలోంచి చూసి, "ఆ మూల ఎవరూ తొక్కలేదే" అని అరిచాను. నా పుట్టిల్లూ రైతుల ఇల్లే. ఆయమ్మ లోపలికి వచ్చి నా మంచం ముందు వీపు తిప్పి నిలబడింది.

"ఆ మూల మీదే పంతులమ్మగోరూ. నా బుజం అట్టుకోండి."

"పడిపోతానే!"

"పడితే నా మీదే కదా పడతారు. కాలు మంచానికి మరిగితే మరి మన మాట ఇనదు. దానికి పని సెప్పాలి."

ఆమె ముందు, నేను వెనక. పాదాల కింద వెచ్చటి గింజలు జరుగుతుంటే, చిన్నప్పుడు అమ్మ వెనకాల అలాగే నడిచిన సంగతి గుర్తొచ్చింది. కార్యదర్శి గారు మళ్లీ వచ్చేనాటికి నేను కర్ర ఊతంతో భోజనాల సావిడికి నడిచి వెళుతున్నాను. కబురు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఈ గూడు నాకు ఆమె నిలబెట్టి ఇచ్చింది.

ఊరికి వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "వచ్చీదాకా ధాన్యం మీరే సూసుకోవాలి" అంది. నాతో ఆమె చివరి మాట అదే.

మొన్న తమ్ముడు వచ్చేసరికి గచ్చు నిండా ధాన్యం ఉంది. అతను వెళ్లిపోయాక ఎవరమూ కదల్లేదు. చాలాసేపటికి పెద్దతాత కళ్లు తుడుచుకుని, "సూసుకోమంది కదా" అని కర్ర అందుకున్నాడు. నేనూ లేచాను. ఈమధ్యే రిక్షాలో తెచ్చి దింపిన ముసలమ్మ ఒకామె మంచం మీద నుంచి నన్నే చూస్తోంది. వచ్చింది మొదలు ఆమె కాలు కింద పెట్టలేదు. నేను వెళ్లి ఆమె ముందు వీపు తిప్పి నిలబడ్డాను.

కాసేపటికి నా భుజం మీద ఒక చెయ్యి పడింది. ఎండలోకి దిగాం. మా వెనక ధాన్యంలో వంకరటింకర చాళ్లు పడుతూ వచ్చాయి.