అమ్మ వేళ్ళూ ఉప్పునీళ్ళ చేపా

మా ఇంట్లో ఎండాకాలం ఫ్యాన్ వేయరు. షోలాపూర్ ఎండ తెలిసినవాళ్ళకు ఈ మాట చాలు. అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది; ఫ్యాన్ తిరిగితే తంబాకు లేచిపోతుంది. అందుకని బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని మా గదిలో నేను ముప్ఫై ఏళ్ళుగా ఉడుకుతున్నాను. పెద్దగా ఫిర్యాదేం లేదు.

అలాంటి గదిలో సముద్రం పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. రెండడుగుల గాజు తొట్టి, ఇసుక, నాలుగు రాళ్ళు, సముద్రపు ఉప్పు, బొటనవేలంత పగడం. రాళ్ళలో మంచి క్రిములు పెరిగి నీళ్ళు కుదురుకునేదాకా చేపను వదలకూడదన్నారు ఫోన్లో వీడియోల వాళ్ళు. ఐదు వారాలు వట్టి నీళ్ళను చూస్తూ కూర్చున్నాను.

"ఏందిరా, ఉప్పు నీళ్ళకు కాపలా ఉన్నవా?" అంది అమ్మ. "చాపలేవి?"

"వస్తయమ్మా."

"గాడీ తప్పిపోయినయా ఏంది?"

ఆరో వారం ఒక్క చేప వచ్చింది. నారింజ రంగు, తెల్ల పట్టీలు. అమ్మ చాట పక్కన పెట్టి చాలాసేపు చూసింది. మరో రెండు రోజులకు ఆమె పీట తొట్టి పక్కకు జరిగింది. నీళ్ళు వేడెక్కితే చేప బతకదని నోరు జారాను. సాయంత్రం పని నుంచి వచ్చేసరికి తొట్టి మీద చిన్న ఫ్యాన్ తిరుగుతోంది. అమ్మ గాలికి వీపు పెట్టి, చాటకు కొంగు అడ్డం పట్టుకుని బీడీలు చుడుతోంది.

"బిచారి, ఉడుకకు సస్తది," అంది.

నన్నెవరూ ఎప్పుడూ బిచారి అని జాలిపడలేదు.

ఆ శనివారం చేప ఇసుక మీద పక్కకు ఒరిగి ఎగపోస్తూ కనిపించింది. ఉప్పు చూశాను, వేడి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అమ్మ మేత చిటికెడు పట్టుకుని పక్కనే నిలబడింది. గోళ్ళ సందుల్లో తంబాకు.

"నీళ్ళల్ల చెయ్యి పెట్టినవా అమ్మా?"

"రోజూ నా వేళ్ళకెంచే తింటది. ఎంత ముద్దుగ తింటదో!"

తంబాకు చేపలకు విషం. నేను చూసిన వీడియోల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు; వాళ్ళ అమ్మలు బీడీలు చుట్టరు కాబోలు. సగం నీళ్ళు మార్చాను, విషం పీల్చే బొగ్గు సంచీ వేలాడదీశాను. అమ్మ ఆ పూట ఒక్క బీడీ చుట్టలేదు. మర్నాడు మధ్యాహ్నానికి చేప లేచి, కాస్త మేత తింది.

ఇక చెప్పక తప్పదు. "ఇగ నుంచి చెంచాతోని వెయ్యమ్మా," అన్నాను.

"ఎందుకు?"

అబద్ధం కోసం వెతికాను. డిగ్రీ చదువు అక్కరకు రాలేదు. "నీ వేళ్ళకు తంబాకు ఉంటది. చాపకు అది జహర్."

అమ్మ వేళ్ళు చూసుకుంది. సబ్బుతో మూడుసార్లు కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగింది. తర్వాత నాకు అన్నం పెట్టింది. ఇప్పటికీ మొదటి ముద్ద ఆమే కలిపి నోట్లో పెడుతుంది. ఆ రోజు కలిపిన ముద్ద చేతిలోనే ఆగింది.

"గీ చేతులతోనే నీకు తినవెట్టి సాదిన," అంది. "నువ్వైతే సావలే."