డ్రైవర్ వైపు తలుపు

నాన్న తోలుతుండగా గేటు స్తంభానికి కారు గీసుకున్న రోజు నుంచీ అమ్మ ఒకటే పోరు పెట్టింది. "ఆయనకి చూపు ఆనటంలా. తాళం తీసేసుకోవే. రేపు ఏదన్నా అయితే ఇద్దరూ ఒకే కార్లో ఉంటారు, నేనేం కావాలి?" అనేది. నాన్న ఎదురుగానే కూర్చుని వినేవాడు. "స్తంభం అడ్డంగా కట్టించింది ఎవరంట? మీ అమ్మే," అని కాఫీ గ్లాసు కింద పెట్టేవాడు. నేను ఎప్పుడూ నాన్న వైపే. నాకు అసలే ముక్కు మీద కోపం. ఏళ్ల తరబడి సున్నం లారీ తోలిన మనిషిని స్టీరింగు ముందు నుంచి లేపి పక్క సీట్లో కూర్చోబెట్టడమంటే ఏమిటో నీకు తెలియదని అమ్మను కసిరేదాన్ని.

నేను పిడుగురాళ్లలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. ఇల్లు నరసరావుపేటలో. అమ్మానాన్నా నా దగ్గరే ఉంటారు. కారు నాదే గానీ పొద్దున నన్ను కాలేజీ దగ్గర దింపేదీ, సాయంత్రం మళ్లీ వచ్చి తీసుకెళ్లేదీ నాన్నే. లారీ అమ్మేశాక ఆయన మంచానికి అతుక్కుపోతాడేమోనని భయపడ్డాం. కారు కొన్నాక మనిషి మళ్లీ తెల్లవారకముందే లేచాడు. టైర్లు తట్టి చూసుకుని, అద్దాలు తుడిచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందు తయారై కూర్చునేవాడు. ఆ తాళం లాక్కుంటే ఆయనలో ఇంకేం మిగులుతుంది? నా భయం అది. అమ్మ భయం వేరు. ఇద్దరం ఒకరి భయాన్ని ఒకరం లెక్కచేసేవాళ్లం కాదు.

నాన్న తోలే పద్ధతే వేరు. ఏసీ ఉన్న కారులో అద్దం పూర్తిగా దించేసి తోలతాడు. రోహిణి కార్తె అయినా అంతే. మోచేయి బయటికి పెట్టి, తల కాస్త కుడిపక్కకి వంచి, ఏదో వింటున్నట్టు ఉంటాడు. వెనక వచ్చేది బస్సా, టిప్పరా, లోడు లారీయా, ఖాళీ లారీయా హారన్ వినే చెప్పేస్తాడు. పక్క నుంచి పోయే బండి వైపు తల తిప్పకుండానే, "వీడికి వెనక టైర్లో గాలి తగ్గింది" అంటాడు. మా చుట్టాల్లో ఇదొక గొప్ప.

ఇంకో అలవాటు కూడా ఉండేది. "అమ్మాయ్, ముందు పోయేవాడు ఏం రాయించుకున్నాడో చదువు" అని అడిగేవాడు. నేను లారీ వెనక రాతలు చదివేదాన్ని. అమ్మ దీవెన. నన్ను చూసి ఏడవకు. నాన్న నవ్వి దానికో మాట అనేవాడు. ఎంత దూరంలో ఉన్నాడు, పక్కకి తీస్తున్నాడా లేదా అని కూడా అడిగేవాడు. చిన్నప్పుడు నన్ను లారీ క్యాబిన్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పింది ఇలాగే. అందుకని ఇది మా ఇద్దరి పాత ఆట అనుకునేదాన్ని.

ఆ అద్దం వల్లే నాకు పాటల మీద మోజు తీరేది కాదు. లారీల రొద, గాలి, టైర్ల మోత, వీటి మధ్య చరణం ఎక్కడుందో పల్లవి ఎక్కడుందో తెలిసేది కాదు. పరీక్షల డ్యూటీలు అయిపోయాక, ఈసారి మంచి స్పీకర్లు పెట్టించాల్సిందేనని మా పేటలో కార్ల సామాన్లమ్మే షాపుకి వెళ్లాను. షాపాయన నా కారు తలుపు మీద వేలితో కొట్టి చూపించాడు. ఖాళీ నూనె డబ్బాలా మోగింది.

"స్పీకర్లు ఎంత మంచియ్యి పెట్టినా ఇంతే మేడం. పాట కంటే ముందు రేకు మోగిద్ది. లోపల షీటు అతికించాల. అప్పుడు రేకు వణకదు, బయట చప్పుడూ లోపలికి రాదు," అన్నాడు.

మూడు రకాలు చూపించాడు. నల్లటి తారు షీటు చవక. బ్యూటైల్ అని ఇంకోటి, కింద జిగురు రబ్బరు, పైన వెండి రంగు రేకు. మూడోది మెత్తటి ఫోము. తారుది మన ఎండకి ఆగుతుందా అని అడిగితే షాపాయన నీళ్లు నమిలాడు. "నేనేసిన కార్లు ఏయీ తిరిగి రాలా మేడం," అన్నాడు. తిరిగి రాకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. ఆయన మాట నమ్మే రకాన్ని కాదు నేను. మూడింటిలోంచి తలా ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

అమ్మ వడియాలు పెట్టుకునే ఇనుప రేకు డాబా మీద ఉంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, మూడు ముక్కలూ వరసగా అతికించి, పడమటి పిట్టగోడకు నిలువుగా ఆనించాను. మా ఎండ సంగతి చెప్పేదేముంది, మధ్యాహ్నానికి డాబా మీద కాలు పెట్టలేం. పొద్దు వాలాక వెళ్లి చూస్తే తారు ముక్క జానెడు కిందికి జారి, కంపు కొడుతోంది. ఫోము అంచులు లేచిపోయాయి. బ్యూటైల్ ముక్క మాత్రం అతికించిన చోటే ఉంది. గోరుతో పీకినా రాలేదు.

నాన్న వెనకే మెట్లెక్కి వచ్చాడు. వంగి, వేలి కణుపుతో ఉత్త రేకు మీద కొట్టాడు. మోగింది. బ్యూటైల్ అతికించిన చోట కొట్టాడు. టప్‌మని ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. చెవి రేకు దగ్గర పెట్టి మరీ కొట్టాడు. ఆయన ముఖంలో రంగు మారింది.

"ఇది ఏస్తే బయట చప్పుడు లోపలికి రాదా?"

"రాకూడదనే కదా నాన్నా వేయించేది."

"అసలుకే రాదా?"

"చానా తగ్గుద్ది."

ఆయన జారిపోయిన తారు ముక్క వైపు చూశాడు. "అయితే ఇదే ఏయించు."

"అది కారిపోయింది, కనపడటంలా?"

"కారిపోతే కారిపోయిద్ది. లేదూ, ఆ రేకుదే కావాలంటే మిగతా తలుపులకి ఏయించుకో. నా వైపు తలుపుకి మాత్రం వద్దు."

ఎందుకో చెప్పమన్నాను. వద్దన్నానుగా అన్నాడు. ఒక తలుపు వదిలేస్తే మిగతావాటికి వేసీ దండగని చెప్పాను. "నా వైపు పాటలు కూడా వద్దులే" అని మెట్లు దిగిపోయాడు. గోడకు చెయ్యి ఆనించి, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగాడు. అది నేను చూశాను. చూసి కూడా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు పడతారని విసుక్కున్నాను.

ఆదివారం కారు షాపులో ఇచ్చి వచ్చాను. కాసేపటికి షాపాయన ఫోన్ చేశాడు. "మేడం, మీ నాన్నగారు ఇప్పుడే వచ్చి ఎళ్లారు. డ్రైవర్ తలుపు వదిలెయ్యమన్నారు. కింద ఫ్లోరు కూడా వద్దంట. మీకు చెప్పొద్దన్నారు గానీ, రేపు మీరు నన్ను అడుగుతారు గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. నా కారు, నా జీతం, నా వెనకాల ఈ మంతనాలేమిటి? ఆటో ఎక్కి షాపుకి వెళ్లి, అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. నాలుగు తలుపులు, ఫ్లోరు, టైర్ల పైనుండే రేకు, దేన్నీ వదలనివ్వలేదు. మొదట డ్రైవర్ తలుపే చేయించాను. రోలరుతో రుద్ది, ఎక్కడా గాలి బుడగ లేకుండా అతికించారు. అంతా అయ్యాక లోపల కూర్చుని తలుపు వేసుకుంటే, వీధిలో పోతున్న ఆటోలు బొమ్మల్లా కనిపించాయి. పాట పెట్టాను. గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. నా ఆనందానికి హద్దు లేదు.

సోమవారం పొద్దున నాన్న మామూలుగా టైర్లు తట్టాడు. తన తలుపు దగ్గరికి వచ్చి కణుపుతో ఒకసారి కొట్టాడు. టప్. నా వైపు చూడలేదు. తిడితే బాగుండునని అనిపించింది.

ఊరు దాటగానే ఆయన అలవాటుగా అద్దం దించాడు. "ఈ ఒక్కరోజన్నా ఎత్తు నాన్నా. ఇంత చేయించి దుమ్ములో వినాలా?" అన్నాను. కాసేపు ఆగి ఎత్తాడు. నేను పాట పెట్టుకుని, సీటు వాల్చుకుని, కళ్లు మూసుకున్నాను.

"అమ్మాయ్, ముందు ఎవడన్నా ఉన్నాడా? ఏం రాసుంది?"

"పాట విననీ నాన్నా."

ఆయన ఇంకేం అడగలేదు. కొంతసేపటికి కారు ఒక పక్కకి ఒరిగినట్టనిపించి కళ్లు తెరిచాను. ఎడమ టైర్లు రెండూ రోడ్డు దిగి మట్టిలో పోతున్నాయి. రేగిన దుమ్ము నా అద్దం నిండా ఉంది. కంకర కారు అడుగుకి తగులుతూనే ఉండాలి, కానీ లోపల ఏమీ వినపడటం లేదు. "మార్జిన్ దిగావు" అన్నాను. "తెలుసులే" అని స్టీరింగు తిప్పాడు. ఎక్కువ తిప్పాడు. వెనక నుంచి ఒక లారీ మా కుడి అద్దాన్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. అది ఎంతసేపటి నుంచి హారన్ కొడుతోందో తెలియదు. నాన్న వేళ్లు స్టీరింగు మీద బిగుసుకుని ఉన్నాయి. నుదుటి మీద చెమట. ఏసీ నడుస్తూనే ఉంది.

నేను సీటు నిలబెట్టుకుని కూర్చున్నాను. పాట ఆపుదామని చెయ్యి చాపాను. చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మా ముందు సగం రోడ్డు మీద, సగం మార్జిన్లో ఒక లారీ ఆగి ఉంది. చెడిపోయిన బండి. వెనక గుర్తుగా వేపకొమ్మలు, రాళ్లు పెట్టారు. పైన కప్పిన టార్పాలిన్ పట్టా అంతా సున్నం దుమ్ము పట్టి తెల్లగా ఉంది. కారు వేగం తగ్గటం లేదు. నాన్న నేరుగా దాని వైపే చూస్తున్నాడు. చూస్తూనే పోతున్నాడు.

"లారీ నాన్నా, ఆగు, ఆగు."

ఆయన కాలు బ్రేకు మీద పడింది. బెల్టు నా భుజాన్ని కోసింది. కొమ్మల్ని తొక్కుకుంటూ వెళ్లి, లారీకి బారెడు దూరంలో ఆగాం. అవి విరిగిన చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. పాట మాత్రం హాయిగా సాగుతోంది. పాట కట్టేశాను.

"నువ్వు దీని చెవులు మూశావు," అన్నాడు నాన్న. "వద్దంటే విన్నావా? ఈ రోడ్డు మీద చప్పుడు లేకుండా ఎవడు తోలతాడు?"

"ఎదురుగా ఉన్న లారీని చూడ్డానికి చెవులెందుకు?" నేనూ అరిచాను. అరిచాక నా మాట నాకే వినపడింది. అద్దం దించడం, తల వంచి వినడం, ఫ్లోరు వదిలెయ్యమనడం, మెట్లు తడుముకోవడం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. మెల్లగా అడిగాను.

"నాన్నా, ఆ లారీ వెనక ఏం రాసుందో చదువు."

ఆయన ముందుకి చూశాడు. కళ్లు చికిలించాడు. మళ్లీ మామూలుగా పెట్టాడు.

"ఏముంటది, సౌండ్ హారన్. అందరూ రాయించేదే గదా."

ఆ లారీ వెనక అక్షరమన్నది లేదు. పట్టా కింది దాకా వేలాడుతోంది.

"ఏమీ రాసి లేదు నాన్నా. పట్టా కప్పి ఉంది."

ఆయన చాలాసేపు స్టీరింగు వదల్లేదు. ఆ రోజులన్నీ నేను ఆట అనుకుని చదివింది ఆయన కోసం రోడ్డును. ఎంత దూరంలో ఉన్నాడమ్మాయ్ అంటే నవ్వుతూ చెప్పాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియలేదు.

"డాక్టర్‌కి చూపించావా?"

"చూపించా. రెండు కళ్లల్లో శుక్లాలు. ఆపరేషన్ చెయ్యాలన్నాడు." బొటనవేలితో స్టీరింగు రుద్దాడు. "ఆపరేషన్ అని చెప్తే మీ అమ్మ ఆ రోజే తాళం దాచేసిద్ది. చూపు కుదిరినా మళ్లీ ఇవ్వరు మీరు. నా వయసుకి ఎవరిస్తారు?"

ఇస్తానని అనలేకపోయాను. కుదురుతుందో లేదో నాకేం తెలుసు? అబద్ధం చెబితే ఆయన గొంతు విని పట్టేస్తాడు. నేను ఏమీ అనకపోవడం కూడా ఆయన విన్నాడు. ఇంజను ఆపి, తాళం తీసి, నా అరచెయ్యి వెతుక్కుని అందులో పెట్టాడు. తర్వాత తలుపు తీసుకుని దిగాడు. బానెట్ మీద చెయ్యి వేసుకుంటూ ఇటు నడిచి వచ్చాడు.

నేను ఆయన సీట్లో కూర్చుని అద్దం మొత్తం దించాను. అవతలి అద్దం నాన్న దించాడు. కాలేజీకి సెలవని ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి, ముందున్న అడ్డరోడ్డు దగ్గర కారు పేట వైపు తిప్పాను. కంటి ఆసుపత్రికేనని ఇద్దరికీ తెలుసు. దుమ్మూ, రొదా, వేడిగాలీ కారులోకి వచ్చి పడ్డాయి.

కొంత దూరం పోయాక మా ముందుకి ఒక లారీ వచ్చింది. నాన్న తల దాని వైపు వంచాడు. "లోడు బండి," అన్నాడు. తర్వాత "ఏం రాసుందో చదువు అమ్మాయ్. నాకు కనపడటంలా," అన్నాడు.

చదివాను. ఎంత దూరంలో ఉన్నాడో కూడా చెప్పాను.