మన బియ్యమేగా!

గూతియెన్ ఊళ్ళో బావోజు పెట్టిన బియ్యం కల్లంటే పేరు. ఎర్రబూజు పట్టించిన బియ్యంతో చలికాలమంతా జాడీలు నింపేది. బాలింతకి పెట్టే కోడికూరలోనూ ఆ ఎరుపు పడాల్సిందే. దాన్ని శంకిస్తే కన్నతల్లి చేతి అన్నాన్ని శంకించినట్టే.

అరవై దాటాక ఆమెకి రక్తంలో కొవ్వు పెరిగింది. డాక్టరు కొవ్వు తగ్గించే స్టాటిన్ గోళీలు రాస్తే తొడలు పచ్చిపుండ్లలా సలిపాయి. రకం మార్చినా అంతే. చివరికి ఆయన వాటిని ఆపేసి, పేగుల్లో పనిచేసే వేరే మందిచ్చాడు. కాళ్ళు తేరుకున్నాయి గానీ కొవ్వు కొంచెమే దిగింది.

అప్పుడు దిగింది రంగంలోకి ఆడపడుచు ఛున్‌యా. ఆమెది బజారులో మూలికల కొట్టు.

"ఈ గోళీలు వేసుకో వదినా. మందూ కాదు మాకూ కాదు, మన ఎర్రబూజు బియ్యం పొడే. డాక్టరుకి చెప్పకు, వాళ్ళకి మన తిండంటే చులకన."

"మన బియ్యమేగా! చెప్పడానికేముందే?" అని నవ్వింది బావోజు.

కొన్నాళ్ళకి తొడల నొప్పి మళ్ళీ మొదలైంది. జాడీ ఎత్తబోతే కాళ్ళు నిలవలేదు. వయసనుకుంది పిచ్చిది. ఛున్‌యా రోజూ వచ్చి నూనె రాసి, "ముసలిదానివైపోయావు వదినా!" అని ఆటపట్టించేది. ఈ ఏడు కల్లు పెట్టనని బావోజు ఊరందరికీ చెప్పి, ఇంటికొచ్చి ఏడ్చింది.

ఈసారి పరీక్షలో కొవ్వు అమాంతం దిగింది. డాక్టరు మురిసిపోలేదు, నొసలు చిట్లించాడు.

"నేనిచ్చిన మందుకి ఇంత దిగదే. ఇంకేం మింగుతున్నావు పెద్దమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"ఆ బూజులో పుట్టేదీ స్టాటిన్ మందే! కూరలో చిటికెడు వేరు, ఇది మందు కోసమే పెంచిన బూజు. ఆపెయ్యి. కాళ్ళు కుదుటపడ్డాక ఇంకో దారి చూద్దాం."

బావోజు తిన్నగా కొట్టుకే నడిచింది. తెలియక చేసుంటుందని దారి పొడుగునా తనలో తనే ఆడపడుచు తరఫున వాదించింది.

"ఇదీ అదే మందని నీకు తెలుసా?"

ఛున్‌యా తూకం వేస్తూనే ఉంది. "ఇన్నేళ్ళుగా కొట్టు నడుపుతున్నా, తెలీకేం? చెబితే మింగేదానివా? అన్నయ్య గుండెపోటుతోనే పోయాడు. నువ్వూ పోతే చూస్తూ కూర్చోనా?"

"నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె రాసేటప్పుడూ తెలుసా?"

ఛున్‌యా తూకం రాళ్ళు సర్దుకుంది.

"కాళ్ళు పోయినా ఓర్చుకునేదాన్ని. నా పని అయిపోయిందని నాచేతే నమ్మించావు కదే! ఇక నీ చేతి మంచినీళ్ళు కూడా ముట్టను."