పెదవులు చదివే ఇల్లు

మా మామ సాయిలుకు మాట పడిపోయిన పొద్దున ఆయన చేతిలో చాయ్ గ్లాసు పెట్టారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కుంఠా నాకా దగ్గర టవళ్ళ కార్ఖానాలో ఆయన ముప్పై ఏళ్ళు పవర్‌లూమ్ నడిపాడు. ఆ మోతలో గొంతు ఎందుకూ పనికిరాదు. పెదవులు కదిపితే పక్క మగ్గం మనిషి చదివేస్తాడు, చెయ్యి ఊపితే మిగతాది అర్థం చేసుకుంటాడు. ఆ రోజు మామ పెదవులు వంకరగా కదిలాయి, ఎడమ చెయ్యి గాల్లో ఊగింది. పక్క మగ్గం రాజారాం చాయ్ అడుగుతున్నాడనుకొని తెప్పించాడు. కుడి చేతిలో పెట్టిన గ్లాసు జారి పగిలితే, వేడికి వదిలేశాడనుకున్నారట! కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగాక గానీ ఆయన నోట శబ్దమే రావడం లేదని ఎవరికీ తెలియలేదు.

ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో మాట నేర్పించే ప్రణాలి మేడం మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. మెదడులో ఎడమ పక్క రక్తం ఆగిపోయింది. కుడి చెయ్యి కదలడానికీ నోరు మాట్లాడడానికీ ఆజ్ఞలు వెళ్ళేది అక్కడి నుంచే. గొంతు బాగుంది, నాలుక బాగుంది, ఆయనకు అన్నీ అర్థమవుతాయి. ఆజ్ఞ మాత్రం కిందికి చేరడం లేదు. మెదడులో మిగిలిన భాగం ఆ పని కొత్తగా నేర్చుకోవాలి. మాట కోసం ఆయన కష్టపడితేనే అది నేర్చుకుంటుంది, అదీ మొదటి నెలల్లో నేర్చుకున్నంతగా తర్వాత నేర్చుకోదు. "త్యాన్నా బోలూ ద్యా" అని మరాఠీలో మూడుసార్లు చెప్పింది. ఆయన్ని మాట్లాడనివ్వండి అని.

మాట్లాడనిస్తే కదా!

మా అత్త శాంత ముందు గొంతు మీద పడింది. తేనె, మిరియాలు, ఉప్పునీళ్ళు. పాపం ఆ గొంతు ఏం తప్పు చేసిందని? అది ఆపించేసరికి ఇంకో తంటా మొదలైంది. ఆమె రోజూ కార్ఖానాకు అన్నం మోసుకెళ్ళి, ఆ మోతలోనే మొగుడి పెదవులు చదువుతూ కాపురం చేసిన మనిషి. ఆమె చేతులు చాటలో బీడీలు చుడుతుంటాయి, కళ్ళు మాత్రం ఆయన మొహం మీదే. ఆయన పెదవులు సగం కదిలితే చాలు, మిగతా సగం ఆమె పూర్తి చేస్తుంది.

నేను నీళ్ళ గ్లాసు పట్టుకొని "మామా, ఇదేంది? నీ..." అంటూ కూర్చుంటాను. ఆయన నోరు తెరుస్తాడు, నుదుటి మీద చెమట పడుతుంది. ఇక వస్తుంది అనుకునేలోపు వెనక నుంచి అత్త కేక.

"నీళ్ళంట! ఇయ్యరాదే, ఎందుకు సతాయిస్తవ్?"

నా మొగుడు వినాయక్ తక్కువ తిన్నాడా? "బరోబర్ సమజైతుంది గద, ఇంగేంది?" అంటాడు. రెండున్నర నెలలు ఇదే వరస. మామకు గొంతుతో పని పడితే ఒట్టు.

నిన్న ప్రణాలి మేడం మామను మళ్ళీ పరీక్షించింది. కుడి చెయ్యి దువ్వెన పట్టేదాకా వచ్చింది, మాట మాత్రం ఉన్నచోటే ఉంది. "ఇంట్లో ఎవరూ ఆయన మాట వినరా?" అని అడిగింది.

"వినరు మేడం, చూస్తరు" అన్నాను.

ఇంటికొచ్చి ముసుగు లేని మాటల్లో చెప్పేశాను. "అత్తమ్మా, మామ మొకం చూడకుండ్రి. జర అటు తిరుగుండ్రి."

అత్త బీడీ ఆకు కత్తిరించే కత్తెర విసిరికొట్టింది. "నా మొగుని మొకం నేను చూడొద్దా? నువ్వెవరే చెప్పనీకి? ముప్పై ఏండ్ల సంది ఆ మొకం చూసుకుంటనే బతికిన!"

"రేపు మీరు లేకుంటే మామ మాట ఎవరు చదువుతరు?"

అనకూడని మాటే. కానీ విసిగిపోయి ఉన్నాను, అనేశాను. అత్త వంగి కత్తెర తీసుకొని, చాటతో సహా గోడవైపు తిరిగి కూర్చుంది. నేనూ పొయ్యివైపు తిరిగాను.

వెనక మంచం కిర్రుమంది. మామ ఎడమ చేత్తో మంచంపట్టె మీద కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. ఓరకంట చూస్తే అత్త ఆకు కత్తిరిస్తూనే ఉంది, భుజాలు మాత్రం వణుకుతున్నాయి. ఆమెను తిట్టుకున్నందుకు నాకే సిగ్గేసింది. ఇక చాలు, తిరుగుదామనుకున్నాను. పళ్ళు బిగపట్టి ఆగాను.

అప్పుడు ఒక గొంతు వినిపించింది. బొంగురుగా, ఎవరిదో పరాయి గొంతులా ఉంది.

"తి..."

కత్తెర ఆగిపోయింది.

"తి... రు... గు."

అత్త కళ్ళలో నీళ్ళు చాటలోని పొగాకు మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు. మెడ కూడా కదపలేదు.

"తిర్గను" అంది గోడవైపే చూస్తూ. "ఇంగోసారి అను."