మొక్కని మొక్కు, తొక్కిన సైకిలు

మా ఊళ్లో మోటారు బండి లేనివాణ్ణి చూస్తే జాలిపడతారు. బండి ఉండి కూడా దాన్ని ఇంట్లో పెట్టి సైకిలు తొక్కేవాణ్ణి చూస్తే అనుమానపడతారు. నేను ఆ రెండో రకం. ఆళ్లగడ్డలో ఇల్లు, అహోబిలం పోయే దారిలో ఒక పల్లెలో ఉద్యోగం. అక్కడి బడిలో లెక్కలు చెబుతాను. పొద్దున్నే సైకిలు గేటు బయటికి తీస్తుంటే ఎదురింటాయన పలకరిస్తాడు. వీధి చివరి టీ బంకు దాకా కూడా బండి మీదే పోయే మనిషి ఆయన.

"ఏం సార్, బండి రిపేరా?"

ఏళ్ల తరబడి అదే ప్రశ్న. ఇన్నేళ్లు రిపేరులో ఉండే బండి లోకంలో ఎక్కడైనా ఉంటుందా అని ఆయనకు ఒక్కనాడూ తోచలేదు.

నేను సైకిలు ఎందుకు తొక్కుతానో దాచేదేమీ లేదు. నాకు ఇష్టం. నల్లమల కొండలు ఎదురుగా నీలంగా కనిపిస్తూ, ఇంకా ఎండ ఎక్కని ఆ పొద్దుటి పూట ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఇంట్లో భర్తను, బడిలో సారును. ఆ కాసేపే నేను నేనుగా ఉంటాను. అది పోతే నా రోజులో నాదంటూ ఏమీ మిగలదు. ఆ సంగతి నా భార్యకు తెలుసు. అందుకే సరిగ్గా అక్కడే పట్టుకుంది.

"తొక్కండి, నేనేం వద్దనను. కానీ ఎప్పుడో ఒకనాడు కళ్లు తిరిగి, ఎవరి బండి మీదనో కూలబడి ఇంటికొస్తే మాత్రం, తెల్లారే పాత సామాన్లాయనకు ఆ సైకిల్ ఇచ్చేస్తా" అంది. ఆమె అన్న మాట అన్నట్టే చేసే మనిషి. నేను ఒప్పుకున్నాను.

ఇక సలహాలు. సైకిలు గురించి నాకు సలహా ఇచ్చినవాళ్లంతా సైకిలు తొక్కడం మానేసినవాళ్లే. మా బడిలో సైన్సు సారు ఉన్నాడు. ఎండాకాలం టైర్లలో గాలి దండిగా కొట్టించమన్నాడు. ఆయన మాట విని కొట్టించాను. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన సైకిలు ట్యూబు పెద్ద శబ్దంతో పగిలింది. తరగతిలో పిల్లలు బల్లల కింద దూరారు. వేడికి గాలి వ్యాకోచిస్తుందని ఆ ముందు వారమే ఆయన పాఠం చెప్పాడు. తెలుగు సారు గొలుసుకు కొబ్బరినూనె పూయమన్నాడు. పూస్తే దారిలో ఉన్న దుమ్మంతా దానికే అంటుకుంది. వీళ్ల దగ్గర చదువుకున్న పిల్లలు ఎట్లా పాసవుతారో ఆ దేవుడికే తెలియాలి.

నాకు తెలిసినవి నేను చెబుతాను, వినేవాళ్లు వినండి. వేసవిలో గాలి కాస్త తక్కువే ఉండాలి. ఎండలో నిలబెట్టిన సీటు మీద వేపమండ వేసి పెట్టకపోతే తిరిగి కూర్చునేటప్పుడు మీకే తెలుస్తుంది. కుక్క వెంటపడితే దిగి నడవండి, దానికి విసుగొచ్చి పోతుంది. వానాకాలం రేగడి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు, గీకడానికి ఒక పుల్ల వెంట ఉండాలి. టైరులో కంపముల్లు దిగితే అక్కడికక్కడే పీకకండి. ముల్లు ఉన్నంతసేపూ గాలి మెల్లగా పోతుంది, ఎంతో కొంత దూరం లాగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, తల మీద తడి తువ్వాలు.

ఆ తువ్వాలే నా కొంప ముంచింది. ఒంటిపూట బడుల రోజులు. ఎండ మండిపోయే వేళకు బడి వదులుతారు. పొద్దున చల్లగా పోయి మధ్యాహ్నం మాడుతూ రమ్మని ఆ ఏర్పాటు చేసిన మహానుభావులు ఎవరో గానీ, వాళ్లు సైకిలు మాత్రం తొక్కరు. ఇంట్లో అందిన తువ్వాలు తీసుకుని తడిపి తలకు చుట్టుకున్నాను. అది పసుపుపచ్చది. చెమటకాయలు లేచి మంట పుడుతుందని ఆ నెల గడ్డం గీయలేదు. పచ్చ గుడ్డ, మాసిన గడ్డం, అహోబిలం దారి. ఇంకేం కావాలి? సైకిలు తప్ప వేరే బండి ఎక్కనని నేను నరసింహస్వామికి మొక్కుకున్నానని దారి పొడుగునా తేల్చేశారు.

ముందుగా నన్ను అడిగింది కూల్‌డ్రింకుల అంగడాయన. "ఏం మొక్కు సార్? ఎన్నాళ్లు?" అన్నాడు. మొక్కూ లేదు, గిక్కూ లేదు అన్నాను. ఆయన తెలిసినట్టు తలూపాడు. "నిజమేలే సార్. బయటికి చెప్తే ఫలం పోతాది."

కాదంటే అవునని అర్థం చేసుకునే జనానికి ఏం చెప్పగలం? ఊరుకున్నాను. ఊరుకోవడంలో సుఖం కూడా ఉందని త్వరలోనే తెలిసింది. అంతకుముందు దారిన పోయే ప్రతివాడూ బండి ఆపి, "రాండి సార్, ఎక్కండి. ఏం కర్మ మీకు" అనేవాడు. ఇప్పుడు ఒక్కడూ ఆపడం లేదు. మొక్కులో ఉన్నవాణ్ణి బండెక్కించుకుంటే ఆ మొక్కు చెడిన పాపం ఎక్కించుకున్నవాడికి చుట్టుకుంటుందట. లారీలవాళ్లు సైతం హారను కొట్టకుండా పక్కకు తప్పుకున్నారు. ఇరవై ఏళ్ల సర్వీసుకు దొరకని మర్యాద ఒక పాత తువ్వాలుకు దొరికింది.

ఒకనాడు బడి నుంచి వస్తుంటే వెనక చక్రం రిమ్ము దగ్గర ట్యూబు చీలింది. ముల్లు కాదు, ఏ ఉపాయమూ పనిచేయదు. చుట్టుపక్కల చెట్టు లేదు. సీసాలో మజ్జిగ అయిపోయింది. తువ్వాలు ఎండి అట్టకట్టింది. నడిపించుకుంటూ కొంత దూరం వచ్చేసరికి కళ్ల ముందు రోడ్డు ఊగింది. భార్య పెట్టిన షరతు గుర్తుంది. కానీ అక్కడే పడిపోతే సైకిలే కాదు, తొక్కేవాడు కూడా మిగలడు. చెయ్యి అడ్డం పెట్టాను.

మొదటి బండాయన వేగం తగ్గించాడు. పచ్చ తువ్వాలు చూశాడు. హ్యాండిలు వదిలి రెండు చేతులూ జోడించి, "గోవిందా" అని వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన ఆటోలో ఆడవాళ్లు ఉన్నారు. ఆపారు. నా ప్రాణం లేచొచ్చింది. అందులో పెద్దామె కిందికి దిగి నా చెప్పుల దగ్గర నేల తాకి కళ్లకద్దుకుని, మళ్లీ ఎక్కి కూర్చుంది. నీళ్లు అడుగుదామని నేను నోరు తెరిచేలోపు ఆటో కదిలింది. ఇంత భక్తి గల జనం మధ్య మనిషన్నవాడు దప్పికతో చావాల్సిందే అనుకుని రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను.

చివరికి ఒక ట్రాలీ ఆటో ఆగింది. నడిపేది మా ఊరి సాయిబు. శిల్పుల దగ్గర చెక్కిన రాతి విగ్రహాలను పల్లెల్లో గుళ్లకు చేరవేస్తుంటాడు. ఆ రోజు ఎక్కడో ఆంజనేయస్వామిని దించి ఖాళీగా వస్తున్నాడు. దిగీ దిగగానే నీళ్ల సీసా చేతిలో పెట్టాడు. నేను తాగి, ఆటో ఎక్కించుకోమన్నాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"మీరు మొక్కులో ఉండారంటగా సారూ."

"మొక్కు లేదు భాయ్. ఒట్టు."

"అట్లే అంటారని అంగడాయన ముందే చెప్పినాడులే. మీ సామి బరువు మోసే నేను తింటాండా. ఆయన మొక్కు నా చేత చెడగొట్టిస్తే ఎట్ల?" అన్నాడు. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. "సైకిల్ దిగకూడదు, అంతే కదా? దిగొద్దు."

ఆయన చేసింది ఇది. సైకిలు ట్రాలీ మీదికి ఎత్తి నిటారుగా నిలబెట్టాడు. విగ్రహాలు కదలకుండా కట్టే తాళ్లతో నాలుగు పక్కలా లాగి కట్టాడు. చక్రాల చుట్టూ వరిగడ్డి దోపాడు. ఆ తర్వాత నన్ను సీటు మీద కూర్చోబెట్టి, నడుము చుట్టూ కూడా ఒక తాడు వేశాడు. వద్దనే ఓపిక నాకు లేదు. హ్యాండిలు పట్టుకుని కూర్చున్నాను. ఊరేగింపు బయలుదేరింది.

కూల్‌డ్రింకుల అంగడాయన లేచి నిలబడి దండం పెట్టాడు. బస్టాండు దగ్గర ఎవరో ట్రాలీ మీదికి పూలు విసిరారు. ఈ ఊరి జనం బుద్ధి గురించి నేను చేసిన వెటకారాలన్నీ ఆ సీటు మీద నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

మా వీధిలోకి వచ్చేసరికి నా భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసింది, తాళ్లను చూసింది, సాయిబును చూసింది. షరతు ఇద్దరికీ గుర్తుంది. నేను సైకిలు మీదే ఇంటికొచ్చాను, కాదనడానికి వీల్లేదు. ఆమె లోపలికి వెళ్లి పసుపు కుంకుమ తెచ్చి హ్యాండిలుకు బొట్టు పెట్టింది. సైకిలు దక్కినందుకు, నిజం చెబుతున్నాను, ఎండదెబ్బకు మంచంలో పడి కూడా నవ్వుకున్నాను.

నవ్వు వానలొచ్చేదాకా నిలిచింది. ఒకరోజు పొద్దున ముసురు, కింద రేగడి, పైగా మోకాలు నొప్పి. స్కూటరు తాళంచెవి ఇవ్వమన్నాను.

"మొక్కు తీరకుండా ఎట్ల ఇస్తాను?" అంది నా భార్య.

"నేను మొక్కుకోలేదని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

"చెప్తానే ఉండారు. చెప్పకూడదు కాబట్టి కాదంటాండారు. ఇంటికి కీడు తెచ్చే పని నేను చెయ్యను."

"పోనీ, ఎప్పుడు తీరుతుంది?"

"మొక్కింది మీరు. నన్ను అడిగితే?"

సైకిలు బయటికి తీశాను. దాని మీద కూర్చున్న ఆ కాసేపూ నాదని చెప్పుకున్నాను కదా, అది ఇప్పుడు ఊరందరిది. దిగాలన్నా ఎవరిని అడగాలో తెలియదు. ఎదురింటాయన బండి మీద టీకి బయలుదేరుతున్నాడు. రిపేరా అని అడుగుతాడేమోనని ఆశగా చూశాను. ఆయన బండి ఆపి, బురదలోనే చెప్పులు విప్పి, నేను పోయేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.