వాడి పేరు మీద బండి

మా తమ్ముడి చెయ్యి మంచిదని ఆటోనగర్‌లో మా వీధి మొత్తానికీ నమ్మకం. నాకక్కడ సీటు కవర్ల షాపుంది. పొద్దున్నే అమ్మ వాడికి తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడిగి, నాతో పంపిస్తుంది. షట్టరు వాడే ఎత్తాలి, మొదటి బేరం డబ్బులు వాడి చేతిలోనే పడాలి. పక్కనే రేడియేటర్ల షాపాయన, వాడు రాని రోజున ఫోన్ చేసి మరీ అడుగుతాడు, "ఏవండీ, చిన్నబాబుగారు రాలేదేంటి, బోణీ కాక చస్తున్నాం ఇక్కడ" అని.

వాడికి ముప్పై దాటాయి. పుట్టినప్పటి నుంచీ బుద్ధి ఎదుగుదల తక్కువ. నోట్లు లెక్కపెట్టలేడు. కానీ నా నోటి దురుసుకి లేచిపోయే కస్టమర్లని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేది వాడే. డాక్టర్లు ఇచ్చిన సర్టిఫికెట్టు మీద వాడికి నెలనెలా వికలాంగుల పింఛనొస్తుంది.

నేనూ మా ఆవిడా వేరే కాపురం, రెండు వీధులవతల. వాడు అమ్మ దగ్గర. నాన్న పోయాక అమ్మకి ఒకటే దిగులు, తన తర్వాత వీడి గతేంటని. అన్నం ముందు ప్రార్థనలో, పెట్టినదానికి స్తోత్రం చెప్పి, చివర్లో తప్పకుండా ఒక మాటనేది: "ప్రభువా, నా బిడ్డని నాకంటే ఒక్కరోజు ముందు తీసుకో." వాడికి అర్థం కాదుగా, ఆ మాట అయిపోగానే ఇల్లంతా వినబడేలా "ఆమెన్!" అని కంచం దగ్గరికి లాక్కునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. "నేనూ అక్కా చచ్చామా ఏంటే?" అని ఎన్నిసార్లు అరిచానో. అమ్మ కూర వడ్డించేది.

పోయినేడు నేనో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. "తమ్ముడి పేరు మీద తీసుకోరా, కలిసొస్తుంది" అంది అమ్మ. మా ఆవిడ సరేనంది. రేడియేటర్ల ఆయనైతే "అంతకన్నానా!" అన్నాడు. అలాగే చేశాం. వెనకద్దం మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వాడి పేరు అంటించాను. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయనటు వెళ్ళగానే రేడియేటర్ల ఆయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేశాడు. అన్ని విధాలా బందోబస్తు చేశాం అనుకున్నాం, మా తెలివి తెల్లారినట్టే ఉంది!

అమ్మ ఇంట్లో ఒకటో తారీఖంటే పండగ, ఆ రోజు మేమూ అక్కడే. వాడు తెల్లారగానే తయారై గేటు దగ్గర కుర్చీ వేసుకుంటాడు. పింఛను ఇవ్వడానికి వార్డు సచివాలయం అమ్మాయి వేలిముద్రల మిషను పట్టుకుని వస్తుంది. వాడు వేలు పెడతాడు, మిషను కూస్తుంది, డబ్బులు తీసుకుని "థాంక్యూ మేడమ్" అంటాడు. సాయంత్రం మా అందరికీ మిరపకాయ బజ్జీలు వాడి ఖర్చే. ఆ పూట ఇంటికి పెద్ద వాడే, మేమంతా వాడి చేతి తిండి తినాల్సిందే.

కారు కొన్నాక వచ్చిన ఒకటో తారీఖున ఆ అమ్మాయి మా గేటు దాటి పక్కింటికి వెళ్ళిపోయింది. వాడు వేలు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. నేను పరిగెత్తి పిలిచాను.

"అన్నయ్యగారూ, లిస్టులో తమ్ముడుగారి పేరు లేదండీ. ఆయన పేరు మీద కారున్నట్టు చూపిస్తోంది. సొంత కారుంటే పింఛను రాదండీ."

"కారేంటమ్మా, వాడికి సైకిలు తొక్కడమే రాదు!" అని రోడ్డు మీదే అరిచాను. అరుస్తూనే గేటు ముందున్న కారు వెనకద్దం మీద అంతంత అక్షరాలు కనబడ్డాయి. పాపం ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది?

సాయంత్రం అమ్మ తన డబ్బులు తీసి నా చేతికిచ్చింది, వాడికివ్వమని. "ఇదిగోరా నీ పింఛను" అన్నాను. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మేడమ్ ఇవ్వలేదు. వేలు పెట్టలేదు. నావి కాదు."

బజ్జీలు లేవు. మర్నాడు షాపుకి తీసుకెళ్దామని వెళ్తే, పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని అంట్ల సబ్బుతో బొటనవేలు తోముకుంటున్నాడు. తోమి తోమి ఎర్రగా చేసుకున్నాడు. "అన్నా, వేలు పాడైపోయింది" అన్నాడు. నాకు ఏడుపాగలేదు. వాడి వేలు పట్టుకుని అక్కడే, ఆ తడిలోనే కూలబడ్డాను. వాడికి ఈ భూమ్మీద సొంతంగా అదొక్కటే ఉంది, దాన్ని మేమందరం కలిసి ప్రేమగా ఊడగొట్టాం.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక లాయరుగారున్నారు, పెద్దావిడ. అమ్మనీ, గన్నవరం నుంచి అక్కనీ తీసుకుని వెళ్ళాను. అంతా విని, "కారు మీ పేరుకి మార్చుకోండి. మీ రేషన్ కార్డు వేరు కాబట్టి ఇబ్బంది లేదు. తర్వాత సచివాలయంలో మళ్ళీ అర్జీ పెట్టండి" అన్నారు. "ఆయన పేరు మీద ఇంకేమన్నా రాశారా?"

నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. ఉయ్యూరు దగ్గర మా పొలముంది, మా వాటాలు నేనూ అక్కా వదిలేసుకుంటున్నాం, మొత్తం తమ్ముడికే, వచ్చే వారమే రిజిస్ట్రేషను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ముందు అది ఆపండి. పింఛనొచ్చేవాళ్ళ పొలానికీ ఇన్నెకరాలని ఒక హద్దుంది. అది దాటితే ఈసారి పింఛను పోవడం పోవడమే. పైగా రేపెవడో వచ్చి ఆయన వేలు పట్టుకుని ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాడు. పొలమూ పోతుంది."

అమ్మ మొహం మాడిపోయింది. "అయితే నా బిడ్డకి నేనేమీ ఇచ్చుకోకూడదా అండీ?"

"ఎందుకివ్వకూడదమ్మా! ఒక ట్రస్టు పెట్టి దానికి రాయండి. పొలం ట్రస్టుది. వచ్చే కౌలు ఆయన తిండికీ, మందులకీ, చూసుకునే మనిషికీ. ఇంక దేనికీ వాడకూడదు. మీ అబ్బాయి, అమ్మాయి, బయటి మనిషి ఒకరు, ముగ్గురూ కలిసి చూస్తారు. వీళ్ళలో ఎవరూ అమ్ముకోడానికి లేదు. ఒకరు పోతే ఇంకొకరు వస్తారు. రూల్సు మారుతుంటాయి కాబట్టి ఏటా ఓసారి నన్నడగండి."

అమ్మ కొంగు నలుపుకుంటూ అడిగింది. "నేను లేకపోయినా వాడికి అన్నం పెట్టేవాళ్ళు ఉంటారన్నమాట?"

"ఉంటారమ్మా. పెట్టకపోతే నిలదీసేవాళ్ళు కూడా ఉంటారు."

"వీణ్ణి కూడా నిలదీస్తారా?" అంది నన్ను చూపించి. అక్క పకపకా నవ్వింది. "ముందు వీణ్ణే నిలదీస్తాను" అంది.

బయటి మనిషిగా ఎవరా అని ఆలోచిస్తుంటే రేడియేటర్ల ఆయనే, "చిన్నబాబుగారి పనికి నన్నడక్కుండా ఇంకెవర్ని పెడతారండీ!" అని నా మీద దెబ్బలాటకొచ్చాడు. కాగితాల మీద సంతకాలయ్యాయి. కారు నా పేరుకి మారింది. సచివాలయం చుట్టూ నాలుగైదు నెలలు తిరిగాను, నా జన్మలో అంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మొన్న ఒకటో తారీఖున ఆ అమ్మాయి మా గేటు దగ్గర ఆగింది. వాడు వేలు చొక్కాకి తుడుచుకుని, ఓసారి ఊదుకుని, మిషను మీద పెట్టాడు. కూసింది.

"పడింది!" అని కేక పెట్టాడు. "అన్నా, వేలు పడింది! బాగైపోయింది!"

ఆ అమ్మాయే ముందు చప్పట్లు కొట్టింది.

సాయంత్రం కార్లో వెళ్ళి బజ్జీలు తెచ్చాం. దార్లో పెట్రోలు బంకు కనబడితే ఆపమని, "నీ కారుకి నేను కొట్టిస్తా" అన్నాడు దర్జాగా. వెనకద్దం మీద వాడి పేరు అలాగే ఉంది, దాన్ని పీకే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఇంటికొచ్చి బజ్జీలు పళ్ళెంలో పోసుకుని కూర్చున్నాం. అమ్మ ప్రార్థన చేసింది. పెట్టినదానికి స్తోత్రం చెప్పింది, ఆగిపోయింది. వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు, ఆ చివరి మాట కోసం. ఎంతకీ రాకపోయేసరికి ఒక కన్ను తెరిచి అమ్మని మోచేత్తో పొడిచాడు.

"అమ్మా, ఇంకోటుంది. మర్చిపోయావు."

"మర్చిపోలేదు నాన్నా" అంది అమ్మ. "ఇక అది అడగను. తిను."

"ఆమెన్!" అని వాడు పెద్ద బజ్జీ అందుకున్నాడు.